పెడల్ మీద కాలున్నంతసేపే: డీమాగ్ కాయిల్ పక్కన ఒక కేసు

ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ గదిలో రిజిస్టర్ తిరగేస్తుంటే ఒకే మనిషి పేరు ఏడు వారాల్లో నాలుగుసార్లు కనిపించింది. నాలుగుసార్లూ నర్సు రాసింది ఒకటే: "కళ్ళ ముందు మెరుపులు, తలనొప్పి. కంటి చుక్కలు ఇచ్చాం." నాలుగోసారి మాత్రం చివర్లో ఇంకో మాట చేర్చింది: "పని చేసేటప్పుడు మాత్రమే". ఈ కేసంతా ఆ మూడు మాటల్లోంచి బయటికొచ్చింది.

నేను వృత్తి ఆరోగ్య వైద్యురాలిని. విమానాల ల్యాండింగ్ గేర్ భాగాలు తయారుచేసే ఆ ప్లాంటుకు నెలకు రెండుసార్లు వెళ్ళేదాన్ని. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. కొలతలు, చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

ముందుగా అక్కడ అప్పటికే నడుస్తున్న పద్ధతి చెప్పాలి. "ఈఎంఎఫ్ హెల్త్ చెకప్" పేరుతో ఏటా ఒక ప్యాకేజీ ఉండేది. ఈఎంఎఫ్ అంటే విద్యుదయస్కాంత క్షేత్రం. రక్తపరీక్ష, ఈసీజీ, గోడ మీద అక్షరాలు చదివించే కంటి పరీక్ష, చివర్లో "ఫిట్" అని ఒక ముద్ర. ఫైళ్ళు లావుగా, నీట్‌గా ఉండేవి. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు కూడా. చిక్కేమిటంటే, విద్యుదయస్కాంత క్షేత్రానికి గురయ్యారా లేదా అని చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. సీసానికి రక్తంలో సీసం చూస్తాం, పెద్ద శబ్దాలకు ఆడియోగ్రామ్ తీస్తాం. ఈ క్షేత్రానికి అలాంటి ఆనవాలు శరీరంలో మిగలదు. హిమోగ్లోబిన్ 13 ఉందని తెలిస్తే మంచిదే, కానీ అయస్కాంత క్షేత్రం పుట్టించే కాయిల్ దగ్గర పనివాడు తల ఎక్కడ పెడుతున్నాడో అది చెప్పదు. పైగా ఆ ప్యాకేజీకి ఎవర్ని పిలవాలో ఉద్యోగం పేరు చూసి నిర్ణయించారు: ఇన్‌స్పెక్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు. ఈ జాబితాలో లేనివాళ్ళ సంగతి తర్వాత వస్తుంది.

రిజిస్టర్లో పేరున్న అతను మాగ్నెటిక్ పార్టికల్ ఇన్‌స్పెక్షన్ బూత్‌లో ఇన్‌స్పెక్టరు. అక్కడ అందరూ ఎంపీఐ అంటారు. ఉక్కు భాగాల్ని అయస్కాంతంగా మార్చి పగుళ్ళు వెతకడం, తర్వాత డీమాగ్ కాయిల్ అనే దానితో ఆ అయస్కాంతత్వం తీసేయడం అక్కడి పని. కాయిల్‌లో కరెంటు కాలి పెడల్ నొక్కితేనే వస్తుంది. ముప్పై నాలుగేళ్ళు. ఇంతకు ముందు ఏ జబ్బూ లేదు.

"మెరుపంటే ఎలాంటి మెరుపు?" అని అడిగాను.

"మెరుపు కాదు మేడమ్. తొట్టిలో నీళ్ళ మీద ఎండ పడితే గోడ మీద వెలుతురు ఆడుతుందే, అలాగ. ఎదురుగా కాదు, పక్కనుంచి." చెవి దగ్గర వేళ్ళు ఆడించి చూపించాడు.

కళ్ళ ముందు మెరుపులు అనగానే వైద్యుడికి ముందు గుర్తుకు రావాల్సింది అయస్కాంతం కాదు, రెటీనా. రెటీనా ఊడుతున్నప్పుడు కూడా పక్కనుంచే మెరుపులు కనిపిస్తాయి. ఉన్నట్టుండి నల్ల చుక్కలు తేలడం, ఒక వైపు తెర దించినట్టు చూపు మూసుకుపోవడం కూడా తోడైతే అది ఆ రోజే చూడాల్సిన ఎమర్జెన్సీ. అతనికి అవేవీ లేవు. అయినా ఆ సాయంత్రమే కంటి స్పెషలిస్టు దగ్గరికి పంపాను. పాపలు పెద్దవి చేసి లోపల మొత్తం చూశారు. రెటీనా శుభ్రంగా ఉంది. ఏడు వారాలు కంటి చుక్కలతో సరిపెట్టారన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. ఫలితం బాగుంది కాబట్టి బతికిపోయాం.

తర్వాత మైగ్రేన్. మైగ్రేన్ ముందు వచ్చే మెరుపులు వంకరటింకర గీతల్లా మొదలై మెల్లగా పాకుతాయి, చాలాసార్లు ఇరవై ముప్పై నిమిషాలు ఉంటాయి. ఇతనివి అలా కాదు. వచ్చినంత చటుక్కునే ఆగిపోతాయి. మూడోది, బూత్‌లోని యూవీ దీపం. 365 నానోమీటర్ల యూవీ-ఏ కాంతి నేరుగా కంట్లో పడితే కంటి లెన్సే సన్నగా వెలుగుతుంది. అప్పుడు నీలంగా పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. ఎంపీఐ చేసేవాళ్ళలో చాలామందికి ఇది అనుభవమే. అందుకే ఆ ప్రశ్న వేశాను: "కళ్ళు మూసుకుంటే పోతుందా?"

అతను కాసేపు ఆలోచించాడు. "పోదు మేడమ్. మూసుకుంటే ఇంకా బాగా కనిపిస్తుంది. పెడల్ మీంచి కాలు తీస్తే పోతుంది."

కళ్ళు మూసుకున్నా కనిపించేది దీపం వల్ల కాదు. పెడల్‌తో మొదలై పెడల్‌తో ఆగేది మైగ్రేన్ కాదు. ఇలాంటి దాన్ని మాగ్నెటోఫాస్ఫీన్ అంటారు. మారే అయస్కాంత క్షేత్రం కంటి లోపల అతి చిన్న విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. రెటీనాలోని నాడీకణాలు దాన్ని వెలుతురుగా పొరబడతాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త దార్సొన్వాల్ 1896లోనే దీన్ని వర్ణించాడు. క్షేత్రం 20 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు ఇరవై చుట్లు మారుతున్నప్పుడు, కన్ను దీనికి బాగా స్పందిస్తుంది. మెయిన్స్ కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర ఇది కనిపించాలంటే క్షేత్రం ఇంకా బలంగా ఉండాలి. ఆగితే పోతుంది, కంటికి దెబ్బ తగిలిన దాఖలా లేదు. కానీ అది కనిపించిందంటే తల చాలా బలమైన క్షేత్రంలోకి వెళ్ళిందని అర్థం. ఆ బూత్‌లో ఏడు వారాలుగా పనిచేస్తున్న ఒకే ఒక్క మీటరు అతని కళ్ళు.

అతన్ని మళ్ళీ కాయిల్ దగ్గర తల పెట్టి చూపించమని నేను అడగలేదు. కొందరు అడుగుతారు. చెప్పింది స్పష్టంగా ఉన్నప్పుడు మనిషిని ప్రయోగానికి పెట్టాల్సిన పని లేదు.

ఆ బూత్‌లో జరిగే పని తెలియనివాళ్ళకు రెండు మాటలు. ల్యాండింగ్ గేర్ భాగాలు ఎక్కువగా బలమైన ఉక్కుతో చేస్తారు. పైన వెంట్రుకంత పగులు ఉన్నా మామూలు కంటికి దొరకదు. అందుకని భాగాన్ని అయస్కాంతంగా మారుస్తారు. పగులున్న చోట క్షేత్రం బయటికి చిమ్ముతుంది. మెరిసే పొడి కలిపిన ద్రవం పోస్తే ఆ పొడి అక్కడ చేరి, చీకట్లో యూవీ దీపం కింద పచ్చటి గీతలా కనిపిస్తుంది. గదిలో మామూలు వెలుతురు 20 లక్స్‌కు అటూ ఇటూ మించకూడదు. అయస్కాంతంగా మార్చడానికి భాగం గుండానే కరెంటు పంపుతారు. వ్యాసం ప్రతి మిల్లీమీటరుకు 12 నుంచి 32 ఆంపియర్లు. 80 మిల్లీమీటర్ల షాఫ్టుకు మధ్యస్థంగా వేసుకున్నా 1600 ఆంపియర్లు. ఒక్కో షాట్ అర సెకను, ఒక సెకను.

చూడటం అయ్యాక ఆ అయస్కాంతత్వం తీసేయాలి. లేకపోతే ఇనుప రజను అంటుకుంటుంది, తర్వాత విమానంలో దిక్సూచి లాంటి వాటిని తప్పుదారి పట్టిస్తుంది. అందుకే డీమాగ్ కాయిల్. గుండ్రటి రంధ్రంలో క్షేత్రం సెకనుకు యాభై చుట్లు దిశ మారుతూ ఉంటుంది. భాగాన్ని అందులోంచి నిదానంగా దూరంగా లాగితే, మారిన ప్రతిసారీ కాస్త కాస్త బలం తగ్గి, చివరికి సున్నాకు దగ్గరవుతుంది. మిగిలింది 3 గౌస్‌ల లోపు ఉంటేనే పాస్. గౌస్ అయస్కాంత క్షేత్రం బలానికి ఒక కొలత. ఈ "దూరంగా లాగడం" అనేదే ఇక్కడ కీలకం. కరెంటు ముందు ఆపి భాగాన్ని తర్వాత తీస్తే, ఆఖరి క్షణంలో ఉన్న అయస్కాంతత్వం అందులోనే ఉండిపోతుంది.

ప్లాంటులో ఏడాది కిందటి కొలతల రిపోర్టు ఒకటి ఉంది. బయటి ఏజెన్సీ చేసింది. ఎంపీఐ బూత్‌లో అత్యధికంగా 14 మైక్రోటెస్లా, "అన్నీ పరిమితుల్లోనే". ఇదీ క్షేత్రం బలానికి కొలతే: వెయ్యి మైక్రోటెస్లాలు ఒక మిల్లీటెస్లా, అంటే పది గౌస్‌లు. మేనేజరు ఆ పేజీకి జెండా పెట్టి మరీ నా ముందుంచారు. నేను ఆ అంకె కంటే ముందు వెనక అనుబంధంలో కొలిచిన టైమ్ చూశాను. పొద్దున 10:10 నుంచి 10:40. అదే రోజు ప్రొడక్షన్ లాగ్ తెప్పించి పక్కన పెట్టుకుంటే, ఆ అరగంటలో డీమాగ్ నుంచి ఒక్క భాగం కూడా వెళ్ళలేదు. ప్యానెల్ మీద పచ్చలైటు వెలుగుతోంది కాబట్టి మిషన్ "ఆన్‌లో ఉంది" అని రాశారు. ఆ కాయిల్లో కరెంటు పెడల్ మీద కాలున్నంతసేపే ఉంటుంది. ఎవరూ అబద్ధం రాయలేదు, నిద్రపోతున్న మిషన్ దగ్గర మీటర్ పెట్టారంతే. వాళ్ళను పెద్దగా తప్పుపట్టలేను, వేరే చోట ఒక ఇండక్షన్ హీటర్ దగ్గర నేనూ ఒకసారి ఇలాగే చేశాను.

ఈసారి పని జరుగుతుండగా కొలిచాం. పాత షాఫ్టు ముక్క ఒకటి తీసుకుని, ఇన్‌స్పెక్టరు తల వచ్చే చోట మనిషి బదులు చెక్క స్టాండు మీద ప్రోబ్ బిగించాం. ఇలాంటి చోట చిన్న ప్రోబే వాడాలి. అడుగు దూరంలో క్షేత్రం పదో వంతుకు పడిపోయే చోట పెద్ద ప్రోబ్ పెడితే సగటు లెక్కేసి తక్కువ చూపిస్తుంది. ఎంపీఐ షాట్లకు మీటర్‌ను నిదానమైన సగటు మోడ్‌లో ఉంచకూడదు. అర సెకను షాట్‌ను అది కరిగించి పారేస్తుంది. ఆ కరెంటు సైన్ తరంగం కూడా కాదు, సగం కోసేసిన తరంగం. అందుకే తరంగం ఆకారాన్ని లెక్కలోకి తీసుకునే వెయిటెడ్ పీక్ పద్ధతి కావాలి.

ఎంపీఐ బెంచి దగ్గర నేను భయపడినంత లేదు. 1600 ఆంపియర్లకు 40 సెంటీమీటర్ల దూరంలో 0.8 మిల్లీటెస్లా వస్తుందని కాగితం మీదే లెక్క కట్టొచ్చు, మీటర్ కూడా ఆ దరిదాపుల్లోనే చూపించింది. తరంగం ఆకారం లెక్కవేసినా పరిమితి లోపలే తేలింది. షాట్ కొట్టేటప్పుడు ఒక అడుగు వెనక్కి నిలబడితే దాని కథ అక్కడితో అయిపోతుంది.

డీమాగ్ కాయిల్ వేరే కథ. రంధ్రం మధ్యలో 31 మిల్లీటెస్లా. అతని తల వచ్చే చోట, అంటే కాయిల్ మూతి దగ్గర, 22. అక్కణ్ణుంచి నిలువునా పడిపోతుంది: మధ్యనుంచి 60 సెంటీమీటర్ల దూరంలో 1 మిల్లీటెస్లా, మీటరు దూరంలో 0.23. కాయిల్‌కు కాస్త ఎడంగా వెళ్ళాక దూరం రెట్టింపయితే క్షేత్రం ఎనిమిదో వంతుకు దగ్గరవుతుంది. ఇంత చవకైన రక్షణ ఇంకే ప్రమాదానికీ దొరకదు.

ఈ అంకెల్ని దేనితో పోల్చాలి? ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ కమిషన్ 2010 మార్గదర్శకాల ప్రకారం 50 హెర్ట్జ్ దగ్గర పనివాళ్ళకు సూచన స్థాయి 1 మిల్లీటెస్లా, సాధారణ ప్రజలకు 0.2. ఐరోపా యూనియన్ 2013లో తెచ్చిన 2013/35 డైరెక్టివ్‌లో తలకూ ఒంటికీ కింది చర్యాస్థాయి (దాటితే యాజమాన్యం చర్య తీసుకోవాల్సిన స్థాయి) 1, పై చర్యాస్థాయి 6, చేతులూ కాళ్ళకు 18 మిల్లీటెస్లా. ఇవి శరీరం బయట కొలిచే అంకెలు. దాటినంత మాత్రాన లోపలి అసలు పరిమితి దాటినట్టు కాదు, అది తేల్చడానికి ఇంకో లెక్క ఉంది. కానీ తల దగ్గర 22, చేతుల దగ్గర 31 ఉన్నప్పుడు కంప్యూటర్ మోడల్ కోసం ఎదురుచూడటం నాకు నచ్చదు. ముందు మనిషిని దూరం జరపాలి.

మరి అతను అసలు అక్కడ తలెందుకు పెట్టాడు? ఈ ప్రశ్న సూపర్‌వైజర్‌ను అడిగితే "కేర్‌లెస్ మేడమ్" అన్నారు. అతన్నే అడిగితే, నోటితో చెప్పకుండా పని చేసి చూపించాడు. రెండు నెలల కిందట కాయిల్ అవతల వైపు ఒక స్టోరేజీ రాక్ తెచ్చి పెట్టారు. దానికి చోటు చాలక, భాగాలు జరిగే చెక్క ట్రాక్‌ను కోసి 70 సెంటీమీటర్లకు కుదించారు. ఇప్పుడు భాగాన్ని మీటరున్నర దూరం లాగడం కుదరదు. క్షేత్రం ఇంకా గట్టిగా ఉండగానే ట్రాక్ అయిపోతుంది, పెడల్ వదిలేయాల్సిందే. తీసి చూస్తే 5 గౌస్‌లు, 6 గౌస్‌లు. మళ్ళీ లోపల పెట్టాలి. తిప్పి పెట్టాలి. చిన్న పిన్నులైతే చేత్తోనే పట్టుకుని, కాయిల్ లోపలి అంచుకు ఆనించి, సరిగ్గా ఆనిందో లేదో చూడ్డానికి ఆ చీకట్లో ముఖం దగ్గరికి తీసుకెళ్ళాలి. ఒక్కో భాగానికి మూడుసార్లు, నాలుగుసార్లు. ఆ రాక్ వచ్చిన వారంలోనే రిజిస్టర్లో మొదటి ఎంట్రీ పడింది.

కేర్‌లెస్ అతను కాదు. ఒక బీరువాకు చోటు చూసినవాళ్ళు కాయిల్‌కు చోటు చూడలేదు.

ఇక్కడ ఆరోగ్యం, నాణ్యత రెండూ ఒకే ముడిలో చిక్కుకున్నాయి. దాంతో నా పని తేలికైంది. "మీ ఇన్‌స్పెక్టరుకు వెలుగులు కనిపిస్తున్నాయి" అని చెప్పినప్పుడు మీటింగ్‌లో తలలూపారు. "మీ భాగాలు మొదటి పాస్‌లో డీమాగ్ కావడం లేదు, టైమ్ నాలుగింతలు పోతోంది" అన్నప్పుడు మర్నాడే రాక్ కదిలింది. ట్రాక్‌ను మళ్ళీ మీటరున్నరకు పెంచారు. చిన్న భాగాలకు ప్లాస్టిక్ ట్రే, దానికి నైలాన్ తాడు. పెడల్‌ను కాయిల్ నుంచి మీటరు ఇరవై దూరంలో నేలకు బోల్టు చేశారు. కాలు పెడల్ మీద ఉంటే తల మూతి దగ్గరికి చేరదు. ఆ తర్వాత చాలా భాగాలు ఒక్క పాస్‌లోనే 3 గౌస్‌ల లోపుకు వచ్చాయి. మొండిగా మిగిలిపోయిన పొడవాటి షాఫ్టుల సంగతి పాత ఇన్‌స్పెక్టరు ఒకాయన తేల్చారు. భూమి క్షేత్రం చిన్నదే అయినా పొడవాటి ఉక్కు మీద ప్రభావం చూపుతుంది, ట్రాక్‌ను తూర్పు పడమరలుగా తిప్పితే నయమని. అది నాకు కొత్త పాఠం.

మధ్యలో ఒక మేనేజరు ఎక్స్‌రే వాళ్ళు వేసుకునే సీసం ఏప్రన్లు తెప్పిస్తానన్నారు. మంచి మనసుతోనే అన్నారు. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి సీసం అడ్డే కాదు. గోడలూ అంతే.

గోడ అన్న మాట నా నోట్లోంచి వచ్చాక అటు తిరిగి చూశాను. కాయిల్ పక్కన ఉన్నది పలచటి బోర్డు పార్టిషను. దాని అవతల ఏముంది?

అవతల ట్రాలీలు వెళ్ళే నడవా ఉంది. పార్టిషనుకు ఆనించి ఒక బెంచీ. షిఫ్టు మధ్యలో ట్రాలీలు తోసేవాళ్ళు, క్లీనింగ్ వాళ్ళు కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా "ఈఎంఎఫ్ హెల్త్ చెకప్" జాబితాలో లేరు. పార్టిషను ఉపరితలం మీద కొలిస్తే 0.6 మిల్లీటెస్లా. బెంచీ మీద కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తున 0.3. పనివాళ్ళ పరిమితి లోపలే ఉంది. కానీ ఆ పరిమితి ఒంట్లో ఏ మిషనూ లేనివాళ్ళ కోసం రాసింది. పేస్‌మేకర్, గుండెకు షాక్ ఇచ్చే ఐసీడీ, కాక్లియర్ ఇంప్లాంట్, ఇన్సులిన్ పంపు ఉన్నవాళ్ళకు ఆ హామీ వర్తించదు. వాళ్ళ విషయంలో 50 హెర్ట్జ్‌కు 0.1 మిల్లీటెస్లాను, కదలని క్షేత్రానికి 0.5 మిల్లీటెస్లాను గీతగా పెట్టుకుని, అది దాటే ప్రతి చోటా మనిషిని బట్టి విడిగా చూడటం నా పద్ధతి.

మర్నాడు షిఫ్టు మొదట్లో పది నిమిషాలు మాట్లాడాను. "ఒంట్లో ఏదైనా మిషన్ పెట్టించుకున్నవాళ్ళు ఉంటే నాకు చెప్పండి. నాకొక్కదానికే. హెచ్ఆర్‌కు చెప్పను, సూపర్‌వైజర్‌కు చెప్పను." ఎవరూ నోరు మెదపలేదు. మెదుపుతారని నేనూ అనుకోలేదు.

మూడు రోజుల తర్వాత ఒకాయన ఫస్ట్ ఎయిడ్ గది తలుపు దగ్గర నిలబడ్డారు. యాభై దాటాయి. ట్రాలీలు తోసే పని. నర్సు బయటికి వెళ్ళేదాకా వేలికి లేని దెబ్బ చూసుకుంటూ కూర్చున్నారు. తర్వాత చొక్కా మొదటి గుండీ విప్పి, ఎడమ భుజం కింద చర్మం ఉబ్బిన చోటు చూపించారు. పేస్‌మేకర్ పెట్టించుకుని పది నెలలైందట. సెలవు పెట్టినప్పుడు సూపర్‌వైజర్‌కు హెర్నియా ఆపరేషన్ అని చెప్పారట.

"ఉద్యోగం తీసేస్తారని భయం మేడమ్. ఆ బెంచీ మీదే కూర్చుంటాను రోజూ. ఏమన్నా అయ్యుంటుందా?"

నాకు ఆ క్షణంలో తెలియదని చెప్పాను. తెలుసుకుందామని చెప్పాను. కళ్ళు తిరగడం, గుండె దడ, ఉన్నట్టుండి నీరసం ఉన్నాయా అని అడిగితే ఏవీ లేవన్నారు. ఆయన ఒప్పుకోలుతో ఆయన కార్డియాలజిస్టుకు ఉత్తరం రాశాను. ఉత్తరాల్లో "బలమైన అయస్కాంత క్షేత్రాల దగ్గర పని చేస్తారు, ఫిట్‌నెస్ తెలుపగలరు" అని రాస్తే అవతలి డాక్టరు భయపడి "అన్‌ఫిట్" అని రాసేస్తారు, వాళ్ళ తప్పేమీ లేదు. నేను అంకెలు రాశాను: 50 హెర్ట్జ్, ఛాతీ దగ్గర 0.3 మిల్లీటెస్లా, ఒక్కోసారి 20 నుంచి 40 సెకన్లు, గంటకు ఇన్నిసార్లు. అడిగిన ప్రశ్నలు కూడా నిర్దిష్టంగానే: లీడ్లు, అంటే పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్ళే తీగలు, బైపోలారా, యూనిపోలారా? గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడి ఉందా? డివైస్ మెమరీలో బయటి సిగ్నళ్ళను గుండె సిగ్నల్‌గా పొరబడిన గుర్తులు ఉన్నాయా?

యూనిపోలార్ లీడ్లలో సిగ్నల్ పట్టే రెండు కొసల మధ్య దూరం ఎక్కువ. బయటి క్షేత్రం అక్కడ తేలిగ్గా చొరబడుతుంది. అలా చొరబడితే పేస్‌మేకర్ "గుండె తనంతట తానే కొట్టుకుంటోంది" అనుకుని ఊరుకోవచ్చు, లేదా గుండెను పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టే రక్షణ మోడ్‌లోకి పోవచ్చు. గుండె పూర్తిగా దాని మీదే ఆధారపడిన మనిషికి మొదటిది ప్రమాదం. ఈయనవి బైపోలార్ లీడ్లు. గుండెకు సొంత లయ కొంత ఉంది. డివైస్ చెకప్‌లో అనుమానించాల్సిన రికార్డు ఒక్కటీ దొరకలేదు.

అయినా బెంచీని కదిలించాం. ఏమీ జరగలేదన్నది బెంచీ అక్కడే ఉంచడానికి కారణం కాదు. ఆయన పేరు ఎక్కడా రాకుండా కదిలించడమే అసలు పని. నడవాలో అవతలి గోడకు బెంచీ వేయించాం, అక్కడ 10 మైక్రోటెస్లా. పార్టిషను వైపు నేల మీద పసుపు గీత, బూత్ లోపల కాయిల్ చుట్టూ మీటరు నలభై దూరంలో ఇంకో పసుపు గీత. పెడల్ దగ్గర పనిలో ఉన్నవాళ్ళు తప్ప, గీతలోపల ఆగకూడదన్న నియమం అందరికీ. ఆయన వెళ్ళే మిగతా దారులన్నీ ఆయనతో పాటు నేనూ మీటర్‌తో నడిచాను, "సర్వే" అని చెప్పి. లోహపు పూత వేసే ప్లేటింగ్ లైనులో, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ నుంచి కరెంటు మోసే బస్‌బార్ల (లావు లోహపు పట్టీల) దగ్గర ఒక మూలలో కదలని క్షేత్రం 0.5 మిల్లీటెస్లా దాటింది. అక్కడా గీత పడింది. క్షేత్రంతో లోహాన్ని వేడి చేసి అతికించే ఇండక్షన్ బ్రేజింగ్ మిషన్ దగ్గర వేరే విషయం బయటపడింది. పది కిలోహెర్ట్జ్‌ల దగ్గర సూచన స్థాయి 0.1 మిల్లీటెస్లాకు తగ్గిపోతుంది, పైగా లోహపు ఉంగరాలు వేడెక్కుతాయి. ఒక ఆపరేటరు ఉంగరం వేలికి కాలిన మచ్చ ఉంది. రిజిస్టర్లో లేదు.

ఈ కేసు తర్వాత ఏటా చేసే ప్యాకేజీని ఆపించడానికి నాకు నాలుగు మీటింగులు పట్టింది. టెస్టులు తగ్గిస్తే శ్రద్ధ తగ్గిందనుకుంటారన్నది వాళ్ళ టెన్షన్. బదులుగా పెట్టినది చూడ్డానికి పలచగా ఉంటుంది. ప్లాంటులోకి అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టు వాళ్ళతో సహా, ఒక పేజీ ప్రశ్నలు: ఒంట్లో పనిచేసే మిషన్లు, ఒంటికి తగిలించుకునే మిషన్లు, లోహపు ఇంప్లాంట్లు, గర్భం. ఆ పేజీ మెడికల్ గదిలో తాళంలో ఉంటుంది, సూపర్‌వైజర్‌కు వెళ్ళేది "ఫలానా గీత దాటకూడదు" అన్న మాట మాత్రమే. ఏ ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చినా ఆ పేజీ మళ్ళీ నింపాలి, హెర్నియా అని చెప్పినా సరే. ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్లో కొత్తగా ఒక గడి: "ఏ మిషన్ దగ్గర, అది నడుస్తుండగానా?" మిషన్ జరిపినా, పక్కన బీరువా పెట్టినా మళ్ళీ కొలత. 6 మిల్లీటెస్లా దాటిన చోట తల పెట్టినట్టు తెలిస్తే ఆ రోజే పరీక్ష. రక్తపరీక్షలు కావాలంటే మామూలు ఆరోగ్యం కోసం చేసుకోవచ్చు, ఈఎంఎఫ్ పేరు మీద కాదు.

ఆ పది నిమిషాల ప్రసంగాల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "క్యాన్సర్ వస్తుందా?" నేను ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఈ తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2002లో 2బి గ్రూపులో పెట్టింది, అంటే "కారణం కావచ్చు" అన్న వర్గం. ఆ నిర్ణయానికి ఆధారం ఎక్కువగా ఇళ్ళలో పెరిగే పిల్లల్లో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) మీద చేసిన అధ్యయనాలు, పనివాళ్ళ మీద చేసినవి కావు. మనం వాడే పరిమితులు మాత్రం వెంటనే కనిపించే ప్రభావాల కోసం రాసినవి: నాడులు చురుక్కుమనడం, కళ్ళలో వెలుగులు. అందుకే పరిమితి లోపల ఉన్నా, ఊరికే దూరం జరగగలిగితే జరగండి అని చెప్తాను. దూరానికి ఖర్చు లేదు.

ఆరు నెలల తర్వాత ఇద్దర్నీ చూశాను. ఇన్‌స్పెక్టరుకు ఆ ఆడే వెలుతురు మళ్ళీ కనిపించలేదు. తలనొప్పి మాత్రం తగ్గలేదు, సగం రోజులు వస్తూనే ఉంది. దాన్ని కూడా కాయిల్ ఖాతాలో వేసి ఉంటే నేనూ ఆ ప్యాకేజీ చేసినవాళ్ళ లాంటిదాన్నే అయ్యేదాన్ని. బూత్‌లో అతని పక్కన కాసేపు నిలబడితే విషయం తెలిసింది. అతని కొత్త కళ్ళజోడు ఎండకు రంగు మారే రకం. యూవీ దీపం కింద ఆ అద్దాలు నల్లబడుతున్నాయి. ఆ చీకట్లో నల్ల కళ్ళజోడు పెట్టుకుని వెంట్రుకంత గీత కోసం షిఫ్టంతా కళ్ళు చికిలిస్తున్నాడు. ఎంపీఐలో ఆ అద్దాలు వాడకూడదన్న నియమం ఎప్పట్నుంచో ఉంది. అతన్ని అడిగినవాళ్ళే లేరు. మామూలు అద్దాలు వేయించాక తలనొప్పి నెలకు ఒకటి రెండుసార్లకు తగ్గింది.

నైట్ షిఫ్టులో ఒకసారి పెడల్‌కు చుట్టూ గుడ్డ కట్టి, నొక్కి ఉంచినట్టు చేసిన ముడి దొరికింది. ఎవరు కట్టారో ఎవరూ చెప్పలేదు. మర్నాడు పెడల్ మీద మూత బిగించారు. ఆ మూత కూడా ఎవరో ఒకరు తీస్తారన్న అనుమానంతో నెలకోసారి వెళ్ళి చూస్తున్నాను.

ట్రాలీలు తోసే ఆయన అదే పనిలో ఉన్నారు. కొత్త బెంచీకి గాలి తగలదని నడవాలో అందరూ తిట్టుకుంటారు, ఆయన కూడా వాళ్ళతో కలిసి తిడతారు. ఆయన సూపర్‌వైజర్‌కు ఇప్పటికీ అది హెర్నియా ఆపరేషనే.